మూడో గడిలో రాసిందే జవాబు

హైమావతి చేసిన నేరం చిన్నదేమీ కాదు. లైసెన్సు లేకుండా తొమ్మిదో తరగతి పిల్లలకి రసాయనశాస్త్రం అర్థమయ్యేటట్టు చెప్పింది. అర్థం కాకుండా చెప్పి ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కారు. ఆ పని లైసెన్సు ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి చేస్తూనే ఉన్నారు కనక అందులో ఎవరికీ వింత కనబడేది కాదు.

ఆమె ఎమ్మెస్సీ చదివి, మందుల కంపెనీ ల్యాబులో పద్నాలుగేళ్లు పనిచేసిన మనిషి. మాత్రలో ఉండవలసినంత మందు ఉందో లేదో పరీక్షించి తేల్చడం ఆమె పని. ఆ రసాయనాల వాసన ఇక చాలనుకుని ఉద్యోగం మానేసి సొంతూరు గుమ్మడివలస వచ్చేసరికి, ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్సు టీచరు పోస్టు మూడేళ్లుగా ఖాళీగా ఉంది. హెడ్మాస్టారు సన్యాసినాయుడు గారు తెలుగు పండితులు. సైన్సు పీరియడులో ఆయనే కూర్చుని, పాఠం పిల్లల చేత పైకి చదివించి, హైడ్రోక్లోరికామ్లానికి ప్రతిపదార్థం చెప్పి, అది ఏ సమాసమో రాయించేవారు. అంతకుమించి ఆ ఆమ్లంతో ఏం చెయ్యాలో పాపం ఆయనకి తెలియదు.

"రోజుకో గంట నేను చెబుతానండీ, జీతం అక్కర్లేదు" అని హైమావతి అడిగింది.

"రేపటి దాకా ఎందుకమ్మా, ఇప్పుడే వెళ్లండి క్లాసుకి" అని ఆయన సుద్దముక్క ఆమె చేతిలో పెట్టి, బతుకు జీవుడా అని బయటపడ్డారు.

ఆ క్లాసులో నలభై ఇద్దరు పిల్లలు. వాళ్లలో పైడితల్లి అనే పిల్ల తల్లి ఎండుచేపలు అమ్ముతుంది. ఆ పిల్ల మొదటి రోజే లేచి నిలబడి, "మేడమ్, ఉప్పేస్తే చేప కుళ్లిపోదు గదా. కుళ్లకూడదని ఉప్పుకేటి తెలుసు?" అని అడిగింది. హైమావతి ఆ ఒక్క ప్రశ్న మీద మూడు రోజులు పాఠం చెప్పింది. నాలుగో రోజుకి ఒకరి చెయ్యి దిగకముందే ఇంకొకరి చెయ్యి లేవడం మొదలైంది. పద్నాలుగేళ్లలో ఏ జీతమూ ఆమెకి అంత సంతోషం ఇవ్వలేదు.

ఆరు వారాలు ఇలా సాగాక తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. వరండాలో నిలబడి చూస్తే క్లాసులో పిల్లలందరూ చేతులెత్తి ఉన్నారు. ఏదో గొడవ జరుగుతోందనుకుని లోపలికి వచ్చాడు.

"తమరికి లైసెన్సు ఉన్నదా?"

"లేదండి. పిల్లలకి అర్థమవుతోంది కదా అని..."

"అదే అడుగుతున్నాను. ఏ అధికారంతో అర్థం చేయిస్తున్నారు?"

పదిరోజుల్లో కాగితం వచ్చింది. 'సదరు పోస్టు మూడేళ్లుగా ఖాళీగా ఉన్నప్పటికీ పాఠశాల నడుచుచున్నందున, సదరు పోస్టు అనవసరమైనదిగా భావింపబడును. వచ్చే జూన్ పన్నెండవ తేదీ నాటికి లైసెన్సు గల వ్యక్తి చేరనిచో శాశ్వతముగా రద్దు చేయబడును. లైసెన్సు లేని బోధన తక్షణమే నిలిపివేయవలెను.'

సరిగ్గా అప్పుడే పెద్దలకి ఒక కొత్త ఉత్సాహం పుట్టింది. ఇతర ఉద్యోగాలు చేసిన పట్టభద్రులను పట్టుకొచ్చి పది నెలల్లో లైసెన్సు ఉన్న హైస్కూలు టీచర్లుగా మార్చెయ్యాలన్నారు. దాని కోసం రాష్ట్ర వృత్తిపరివర్తన బోధనా పీఠం అని ఒకటి వెలిసింది. భవనానికి రంగు ఆరకముందే ప్రవేశాలు మొదలయ్యాయి. హైమావతి మొదటి రోజే దరఖాస్తు పెట్టింది.

"జూన్‌కల్లా ఆ లైసెన్సు తెచ్చీసుకోండమ్మా" అన్నారు సన్యాసినాయుడు గారు. "ఈ పిల్లలు పదో తరగతికొచ్చే ఏడాది. సైన్సుకి మనిషి లేకపోతే ప్రతిపదార్థాలు చెప్పి పబ్లిక్ పరీక్షకి పంపాల్సొస్తాది నేను. ఆ పాపం నాచేత చేయించకండి."

పీఠం సంచాలకులు డాక్టర్ సర్వోత్తమరావు గారు ప్రారంభోత్సవం నాడు గంటా పది నిమిషాలు మాట్లాడారు.

"మీరు కేవలం అభ్యర్థులు కారు. మీరు అనుభవ నిధులు! బయటి ప్రపంచాన్ని తరగతి గదిలోకి మళ్లించే భగీరథులు! మీ అనుభవమే ఈ పథకానికి పునాది." చప్పట్లు అయ్యేదాకా ఆగి, ఆయన కాగితం తిప్పారు. "అందువలన మొదటి మాసమంతా సదరు అనుభవాన్ని మీలోనుంచి సమూలముగా తొలగించడం జరుగుతుంది."

వెంటనే గుమాస్తా 'పూర్వానుభవ విసర్జన పత్రాలు' పంచాడు. గత వృత్తిలో నేర్చుకున్నది ఏదీ తనలో మిగిలి లేదని, ఉన్నట్టు తరగతి గదిలో బయటపడితే తగిన చర్యకు బద్ధులమని అందులో ఉంది. హైమావతి పక్కన కూర్చున్న నూకరాజు ఇరవయ్యేళ్లు వంతెనలు కట్టిన ఇంజనీరు. లెక్కలు చెప్పాలని సరదాపడి వచ్చాడు.

"నేనేటి మర్చిపోవాలండీ, సిమెంటా, ఇసకా?" అని అడిగాడు.

"రెండూను" అన్నాడు గుమాస్తా. "కిందన తేదీ కూడా వెయ్యండి."

బోధనా పద్ధతుల ఆచార్యులు అచ్యుతరామయ్య గారు. పాఠం ఎలా చెప్పాలో ఇరవై ఆరేళ్లుగా చెబుతున్న విద్వాంసుడు. పిల్లలకి మాత్రం ఒక్క పాఠమూ చెప్పి ఎరగరు. చెబితే పద్ధతి మీద నమ్మకం పోతుందని ఆయన భయం కాబోలు. ఆయన బోర్డు మీద నాలుగు నిలువు గడులు గీశారు. మొదటి గడిలో టీచరు చేసేది, రెండో గడిలో టీచరు అనేది, మూడో గడిలో పిల్లలు అనేది, నాలుగో గడిలో బోర్డు మీద రాసేది. ఇదే పాఠ్యప్రణాళిక. ప్రతి పాఠానికీ దీన్ని వారం ముందు రాసి, పూల అంచులు గీసి, పీఠం ముద్ర వేయించుకోవాలి. మూడో గడి ఆకుపచ్చ సిరాతో రాయాలి.

హైమావతి లేచింది. "పిల్లలు ఏమంటారో నేనెలా రాయనండీ? వాళ్లింకా అనలేదు కదా?"

అచ్యుతరామయ్య గారు జాలిగా నవ్వారు. "అనకముందు రాస్తేనే అది ప్రణాళిక అమ్మా. అన్న తరవాత రాస్తే చరిత్ర అవుతుంది. మనం చరిత్ర శాఖ వాళ్లం కాదు."

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది అనుకుని ఆమె కూర్చుంది. మందుల ల్యాబులో ఒకసారి ఒక కుర్రాడు పరీక్ష చెయ్యకుండానే ఫలితం రాసేసి దొరికిపోయాడు. సాయంత్రం లోపల వాణ్ణి పనిలోంచి తీయించింది తనే. అలాంటి కాగితం ఒక్కటి బయటపడితే కంపెనీకి తాళం పడే లోకం అది. కాని ఆ లోకం తనకి గుర్తులేదని సంతకం పెట్టి ఇచ్చేసింది కనక ఇప్పుడు నోరెత్తడానికి లేదు. మొదటి ప్రణాళికలో మూడో గడి దగ్గర 'పిల్లలు ఏమంటారో చూడాలి' అని ఆకుపచ్చ సిరాతోనే రాసింది. అది ఎర్రసిరా గీతలతో తిరిగొచ్చింది. 'చూడవలసినది ఏదియు మిగల్చరాదు' అని కింద వ్యాఖ్య.

అభ్యాస పాఠాలు నలభై చెప్పాలి. పరిశీలకుడు వెనక బెంచీ మీద ప్రణాళిక పట్టుకుని కూర్చుంటాడు. పిల్లల నోట మూడో గడిలో లేని మాట వస్తే అది 'విచలనం'. అలాంటి పాఠాలు నాలుగు దాకా క్షమిస్తారు. ఐదోది అయితే కోర్సు మళ్లీ మొదటినుంచి. మళ్లీ మొదటినుంచి అంటే జూన్ దాటిపోయినట్టే, గుమ్మడివలస పోస్టు ఎగిరిపోయినట్టే.

అభ్యాసానికి హైమావతి తన బడినే కోరుకుంది. ఈ వంకనయినా పిల్లలకి నాలుగు ముక్కలు అందుతాయని ఆమె ఆశ. మొదటి పాఠం ఆమ్లాలు, క్షారాలు. ఆమెని చూడగానే పిల్లలు కేరింతలు కొట్టారు. అది మూడో గడిలో లేదు గాని, పాఠం ఇంకా మొదలు కాలేదని, పరిశీలకులుగా వచ్చిన అచ్యుతరామయ్య గారు వదిలేశారు. ఇరవై నిమిషాలు బాగానే నడిచింది. ఆఖర్న ప్రణాళికలో ఉన్న ప్రకారం ఆమె, "ఏవైనా సందేహాలున్నాయా?" అని అడిగింది. ఆకుపచ్చ సిరాలో దానికి జవాబు 'లేవండి' అని ఉంది.

పైడితల్లి చెయ్యెత్తింది. "మేడమ్, చింతపండేసి తోమితే ఇత్తడి బిందె మెరిసిపోతాది గదా. రోజూ చారు తాగుతాం, మరి మన పొట్టెందుకు మెరవదు?"

హైమావతి చేతిలో ప్రణాళిక సంగతే మర్చిపోయింది. ఇత్తడి మీద పట్టేది చిలుమనీ, పులుపు కరిగించేది ఆ చిలుముననీ, పొట్టలో చింతపండును మించిన ఆమ్లం ముందే ఉందనీ చెప్పింది. "అయితే పొట్టెందుకు కరిగిపోదు మేడమ్?" అని వెనకనుంచి ఇంకొకడు అరిచాడు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. సన్యాసినాయుడు గారు కూడా గుమ్మంలో నిలబడి తన పొట్ట మీద చెయ్యి వేసుకుని వింటున్నారు.

అచ్యుతరామయ్య గారు మార్కుల గడిలో సున్నా చుట్టి, వివరణ రాశారు. 'తరగతిలో అనుమతి లేని సందేహము ఉత్పన్నమైనది. అభ్యర్థిని దానిని అణచుటకు బదులు సమాధానమిచ్చి ప్రోత్సహించినది.'

ఆ వారంలోనే మరో మూడు పాఠాలు అలాగే అయ్యాయి. పిల్లలకి ఆరు వారాల అలవాటు మరి, ఒక్కరోజులో పోతుందా? క్షమించే నాలుగూ ఖర్చయిపోయాయి. మిగిలిన ముప్పై ఆరు పాఠాల్లో ఒక్క పిల్లవాడు నోరుజారినా ఏడాది గంగలో కలిసినట్టే.

ఇంతలో పీఠం నుంచి పైడితల్లి పేర మెమో వచ్చింది. 'తరగతిలో నీవు వెలిబుచ్చిన సందేహము ఆమోదిత ప్రణాళికలో ఏ పుటలో, ఏ వరుసలో కలదో మూడు దినములలో తెలియజేయవలెను.' సన్యాసినాయుడు గారు దాన్ని రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, ఆ పిల్లని పిలిచారు. పైడితల్లి నోటుబుక్కులోంచి కాగితం చింపి జవాబు రాసింది. 'అయ్యా, అది పుటలో లేదండి. నాకు అప్పుడే వచ్చిందండి.'

దానికి పీఠం ఇంకా ఉదారంగా స్పందించింది. ఇకమీదట సందేహాలున్న విద్యార్థులు పాఠానికి ఏడు దినముల ముందు మూడు ప్రతుల్లో దరఖాస్తు చేసుకోవచ్చని ఉత్తర్వు జారీ చేసింది. పైడితల్లి నమ్మి దరఖాస్తు పెట్టింది. తుప్పు పట్టిన మేకు బరువు పెరుగుతుందా తగ్గుతుందా అని ఆ పిల్ల సందేహం. అది పదోరోజున తిరిగొచ్చింది. 'జవాబు జతపరచనందున దరఖాస్తు అసంపూర్ణము. సరియైన జవాబు జతపరచి మరల సమర్పించవలెను.'

హైమావతి ఇక ఉండబట్టలేక సంచాలకుల గదికి వెళ్లింది. సర్వోత్తమరావు గారు ఆప్యాయంగా కూర్చోమన్నారు.

"చూడండమ్మా, పాఠం అనేది రైలుబండి. పట్టాలు మేము వేశాం. నడిపేది మీరు. మధ్యలో ప్రయాణికుడు లేచి, ఈ పట్టాలు ఎక్కడికి పోతాయని అడిగాడనుకోండి. దాన్ని జ్ఞానతృష్ణ అనరు. చైను లాగడం అంటారు."

"పిల్లలు అడక్కుండా ఎలా నేర్చుకుంటారండీ?"

"నేర్చుకోవడం ఈ పీఠం పరిధిలోకి రాదు" అన్నారాయన, చాలా మర్యాదగా. "మా పరిధి బోధన వరకే. మీ సమస్య ఏమిటో చెప్పనా? మీ సమస్య పిల్లలు. నూకరాజు గారిని చూడండి. ఇరవై రెండు పాఠాలు, విచలనం సున్నా. వెళ్లి ఆయన పద్ధతి అధ్యయనం చేయండి."

నూకరాజు పద్ధతి అధ్యయనం చెయ్యడానికి రెండు నిమిషాలు పట్టింది. పీఠం వెనక టీ బడ్డీ దగ్గర ఆయనే చెప్పేశాడు.

"ఏటుందండీ ఇందులో? వారం ముందెల్లి పిల్లలకి మూడో గడి చీటీలు పంచీసి బట్టీ కొట్టించీడమే. నీది మొదటి వరుస, నీది రెండో వరుస. పరిశీలకుడు వచ్చిన రోజున అప్పచెప్పించీడం. తలో చాక్లెట్టు." గ్లాసు కింద పెట్టి ఆయన తల గోక్కున్నాడు. "వంతెన కట్టాక దాని మీద లోడు లారీలు ఎక్కించి చూస్తామండి. కూలితే కూలిందని తెలుస్తాది. ఇక్కడ లారీల్లేకుండానే పాసయ్యిందని రాయించుకుంటున్నాం. నాకూ బాగోలేదు. కానీ ఫీజు కట్టీసి రోట్లో తలపెట్టాక రోకటిపోటుకి భయపడితే ఎలగ?"

హైమావతి రెండు రోజులు తిండి సరిగా తినలేదు. చెయ్యను అంటే తన చదువు తనకుంటుంది, బడికి సైన్సు పోతుంది. చేస్తే ముప్పై ఆరు పాఠాల నాటకం. ఆ తరవాత జూన్ నుంచి పదేళ్లు నిజమైన పాఠం. లెక్క చూస్తే లాభంగానే కనబడింది. ఇలాంటి లెక్కలు ఎప్పుడూ లాభంగానే కనబడతాయి.

సోమవారం క్లాసుకి వెళ్లి తలుపు వేసింది. "నా కోసం ఒక పని చేస్తారా?" అని చీటీలు పంచింది. "జూన్ దాకా ఇవి తప్ప ఇంకేమీ అనకండి. లైసెన్సు వచ్చేస్తే ఇక నేను మీ దగ్గరే ఉంటాను. అప్పుడు ఎన్ని కావాలంటే అన్ని అడగండి."

"ఈలోగా నిజంగా డౌటు వొచ్చీస్తే ఏటి చెయ్యాలి మేడమ్?" అంది పైడితల్లి.

"నోరు మూసుకుని కూర్చోవాలమ్మా" అంది హైమావతి. అని, తన మాట తనకే చేదుగా తగిలి బోర్డు వైపు తిరిగింది.

ఆమె అంటే ప్రాణం పెట్టే పిల్లలు వాళ్లు. చెప్పిన మాట తప్పుతారా? ఇంటి దగ్గర కూడా బట్టీ కొట్టుకొచ్చారు. "ఆమ్లాలు నీలి లిట్మస్‌ను ఎర్రగా మారుస్తాయండీ" అని ఒకడు, "చాలా ఆశ్చర్యంగా ఉందండీ" అని ఇంకొకడు. ఆ రెండోది కూడా మూడో గడిలోదే. నలభై ఇద్దరూ కలిసి "లేవండీ" అనడం మొదట్లో ముందూ వెనకా అయ్యేది. పదో పాఠానికి ఒక్క గొంతులా పలికింది. ఇరవయ్యో పాఠంలో హైమావతి ఒక వరుస దాటేస్తే, ముందు బెంచీ కుర్రాడు "మేడమ్, మీరు ఐదోది వదిలీసారు" అని మెల్లిగా అందించాడు.

"పిల్లలు భజన చేస్తున్నట్టుందమ్మా" అన్నారు సన్యాసినాయుడు గారు ఒకరోజు. ఆయన గొంతులో మెచ్చుకోలు లేదు. ఆమె వినబడనట్టు వెళ్లిపోయింది.

పీఠానికి మాత్రం ఈ క్లాసు తెగ నచ్చేసింది. గుమ్మడివలసను ఆదర్శ అభ్యాస కేంద్రంగా ప్రకటించి, మిగతా అభ్యర్థుల్ని కూడా అక్కడికే పంపడం మొదలెట్టారు. పొద్దున్న మాజీ బ్యాంకు ఉద్యోగి ఇంగ్లీషు, మధ్యాహ్నం మాజీ విత్తనాల ఏజెంటు జీవశాస్త్రం. పిల్లలు అందరి చీటీలూ తీసుకున్నారు, అందరికీ అప్పచెప్పారు. బడి గేటుకి 'సందేహ రహిత పాఠశాల' అని ఆకుపచ్చ బోర్డు పెట్టారు. కింద సందేహాలు నూటికి తొంభై ఎనిమిది వంతులు తగ్గినట్టు అంకెలు వేశారు. మిగిలిన ఆ రెండు వంతులు ఎవరివో కనుక్కోమని హెడ్మాస్టారికి వేరే మెమో వచ్చింది. ఏప్రిల్ నాటికి పక్క మండలాలు తామెప్పుడు సందేహ రహితమవుతామో తేదీలు ప్రకటించాయి. ఒక మండలం తొందరపడి, బళ్లు తెరవకముందే అయిపోయామని ప్రకటించేసింది.

ఆఖరి పాఠానికి సంచాలకులే వచ్చారు. పాఠం మంచినీళ్లు తాగినట్టు జరిగిపోయింది. "సందేహాలున్నాయా?" "లేవండీ!" సర్వోత్తమరావు గారు పులకించిపోయి, ముందుకొచ్చి పైడితల్లి తల నిమిరారు.

"నీ పేరేమిటి తల్లీ?"

పైడితల్లి బిత్తరపోయి హైమావతి వైపు చూసింది. తరవాత చీటీ వైపు చూసింది. "అది ఇందులో లేదండి" అంది.

సంచాలకుల కళ్లు చెమర్చాయి. "చూశారా అచ్యుతరామయ్య గారూ! సొంత పేరు సైతం అనుమతి లేనిదే ఉచ్చరించదు. ఇదీ విద్య అంటే!" అని, అక్కడికక్కడే హైమావతికి ప్రథమ శ్రేణి ప్రకటించి శాలువా కప్పారు. శాలువా కింద ఆమెకి చెమటలు పట్టాయి. ఇంకెంత, జూన్ ఎంతో దూరంలో లేదు కదా అని మనసుకి చెప్పుకుంది.

జూన్ పన్నెండున బళ్లు తెరిచారు. హైమావతి బంగారు అంచు లైసెన్సు, నియామకపు కాగితం సన్యాసినాయుడు గారి బల్ల మీద పెట్టింది. పోస్టు నిలబడింది. ఆయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టారు. ఆమె పాఠ్యప్రణాళికల కట్ట ఆఫీసులోనే వదిలేసి, ఒక గాజుగ్లాసు, కాస్త సున్నపుతేట పట్టుకుని పదో తరగతికి వెళ్లింది. వెనక బెంచీ మీద ఎవరూ లేరు. పది నెలలు ఆమె కలలు కన్నది ఈ పూట కోసమే.

గ్లాసులో తేట పోసి, స్ట్రా పెట్టి ఊదింది. చూస్తుండగానే తేట పాలలా తెల్లబడింది.

"ఎందుకిలా అయ్యింది?"

ఒక్క చెయ్యీ లేవలేదు.

"తెలియకపోతే ఊహించి చెప్పండి. తప్పయినా ఫరవాలేదు. పోనీ మీరే అడగండి."

నలభై ఇద్దరూ చేతులు కట్టుకుని ఆమె చేతుల వైపు చూస్తున్నారు. చీటీలు ఎప్పుడిస్తుందా అని చూస్తున్నారని ఆమెకి కాసేపటికి గాని తట్టలేదు.

"ఏమీ అడగరా? సందేహాలే లేవా?"

"లేవండీ!" అంది క్లాసంతా, ఒక్క గొంతుతో, ఎంతో హుషారుగా.

హైమావతి గ్లాసు బల్ల మీద పెట్టింది. "పైడితల్లీ, నువ్వు లే అమ్మా. జూన్ వచ్చేసింది. ఇక ఎవరూ వినరు, ఎవరూ రాసుకోరు. నీకొచ్చిన డౌట్లన్నీ అడుగు."

పైడితల్లి లేచి నిలబడింది. కళ్లు చిట్లించి, పెదవి కొరుక్కుని, పాపం నిజంగానే ప్రయత్నించింది. చాలాసేపు ప్రయత్నించింది.

"మొదట్లో వొచ్చీవి మేడమ్" అంది చివరికి. "అడక్కూడదు గదా అని లోపల్లోపలే నొక్కీసీదాన్ని. తరవాత్తరవాత రావడం మానీసాయి."

పీఠం వాళ్లని ఎన్ని తిట్టినా పాపం వాళ్ల మీదికి పోయేటట్టు లేదు. వాళ్లు ఎప్పుడో వచ్చి వెనక బెంచీ మీద కూర్చుని పోయినవాళ్లు. రోజూ ఈ క్లాసుకొచ్చి, తలుపు వేసి, నలభై ఇద్దరి నోళ్లూ శ్రద్ధగా మూయించింది తనే. కంచే చేను మేసింది. హైమావతి కుర్చీలో కూర్చుండిపోయి, పిల్లల ముందే ఏడ్చింది.

పైడితల్లికి కంగారు పుట్టింది. మేడమ్‌కి ఏదో కావాలి, తాము ఇవ్వలేకపోతున్నాం అని మాత్రం తెలుస్తోంది. ఎప్పటిలాగే ఆ పిల్ల సాయం చెయ్యడానికి ముందుకొచ్చింది.

"ఏడవకండి మేడమ్. మాకేటి డౌటు రావాలో చెప్పండి, అడిగీస్తాం."